రెండు డబ్బాల పాట

లక్సెట్టిపేటలో వెంకటేశ్వర్‌రావు గారింటికి కోడలిగా వచ్చిన ప్రమోదినికి దేవుడు అన్నీ సరిగ్గా కొలిచే ఇచ్చాడు. చక్కటి ముఖం, చెయ్యి తిరిగిన వంట, మొదలైతే ఆగని నవ్వు. పాట పిచ్చి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన చెయ్యి జారింది, కుండెడు పోసేశాడు. అటక మీద ఎలుక పరుగెత్తినా అది ఏ తాళంలో పరుగెత్తిందో చెప్పే రకం ఆమె. పప్పు గుత్తితో ఎనుపుతున్నా సరే, వీధి చివర పెళ్ళి బ్యాండు వినబడితే చాలు, గుత్తి తాళం పట్టేది. ఆ పూట పప్పు వెన్నలా మెదిగేది కనుక అత్తగారు ఏమీ అనేది కాదు.

ఆమె పుట్టిల్లు భైంసా. తండ్రి పత్తి వ్యాపారం చేసేవాడు. ఆ ఇంట్లో గొట్టం గ్రామఫోను ఒకటుండేది. సాయంత్రమైతే ఇంటి ఆడవాళ్ళూ, మగవాళ్ళూ, గుమాస్తాలూ, పత్తి బండ్లు తోలుకొచ్చిన రైతులూ దాని చుట్టూ గుండ్రంగా చేరి వినేవాళ్ళు. ఎవరు ఎక్కడ కూర్చున్నారని అడిగేవాళ్ళే లేరు. కీ తిప్పే పని చిన్న ప్రమోదినిది. పాట సాగి సాగి నీరసపడిపోతుంటే "బాపూ, పాటకు ఆకలైతుంది" అని అరిచి పరుగెత్తేది. తండ్రి పడీ పడీ నవ్వేవాడు.

ఇంకా హైదరాబాదు స్టేటు ఉండగానే ఆమెకు లక్ష్మీకాంతరావుతో పెళ్ళయింది. మొగుడు మంచివాడే. ఎంత మంచివాడంటే, తండ్రి దగ్గితే ఇతను గొంతు సవరించుకునేవాడు. అత్తగారు సరళాదేవి నోరు గట్టిది, మనసు మెత్తనిది. చిక్కంతా ఇంటితోనే వచ్చింది. ముందు వైపు దివాన్‌ఖానా, అది మగవాళ్ళది. వెనక వైపు లోపలి అర్ర, అది ఆడవాళ్ళది. రెంటికీ నడుమ ఒక దర్వాజ, దానికి ఎర్రటి పర్దా. మగవాళ్ళు కూర్చున్నప్పుడు ఆడవాళ్ళు పర్దా దాటరు. కోడలు మామగారితో నేరుగా మాట్లాడదు, ఏదైనా చెప్పాలంటే అత్తగారి చేత చెప్పిస్తుంది. అది రివాజు. ఎవరు పెట్టారో నాకు తెలియదు గానీ, పెట్టినవాడికి పాటంటే గిట్టదని మాత్రం రాసిస్తాను.

ఇంట్లో ఉన్న ఒక్క బ్యాటరీ రేడియో ఎక్కడ ఉంటుందో చెప్పాలా? దివాన్‌ఖానాలోనే. మామగారి పడక కుర్చీ పక్కన, బల్ల మీద, అల్లిక గుడ్డ కప్పుకుని కొత్త పెళ్ళికొడుకులా కూర్చునేది. దానికి ఉన్నదొక్క నోరు, ఆ నోరు మగవాళ్ళ వైపే. ఆడవాళ్ళు పర్దాకు చెవులు ఆనించి వినేవాళ్ళు. పర్దా అంచు దగ్గర మంచి చోటు సరళాదేవిది. ఆ తర్వాతది ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న యాదవ్వది. మిగిలింది ప్రమోదినిది. పాటతో పాటే తమలపాకులు నమిలే చప్పుడు, భూమి తగాదాలు, ఎవరో ఒకాయన దగ్గు, అన్నీ కలిసి వచ్చేవి. పల్లవి బాగుందనుకునేలోగా మామగారు ఎవరినో "వడ్లు ఎండినయా?" అని అడిగేవాడు. చరణం అంతా వడ్లలోనే పోయేది.

మామగారు పాటలంటే పడనివాడు కాదు సుమా. గజల్ వస్తే కళ్ళు మూసుకుని తల ఊపేవాడు, కన్నీళ్ళు కూడా పెట్టుకునేవాడు. తన ఇంట్లోనే, పర్దా వెనకాల, తనలాగే కళ్ళు మూసుకుని తల ఊపే మనిషి ఇంకొకరున్నారని ఆయనకు తోచలేదు, అంతే. ఆ మనిషికి ఇద్దరు పిల్లలు పుట్టారు, స్టేటు పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది, ఊళ్ళోకి కరెంటు వచ్చింది. పర్దా రంగు వెలిసింది గానీ కదల్లేదు.

అప్పుడు, అరవై ఏడులో, దసరా వెళ్ళిన వారానికి, లక్ష్మీకాంతరావు హైదరాబాదు నుంచి ఒక పెద్ద పెట్టెతో బస్సు దిగాడు. గడ్డి తీసి చూస్తే లోపల పాటల మిషను. ప్లేటు తిరిగే పెట్టె ఒకటి, పాట పలికే డబ్బాలు రెండు. నున్నటి కర్రవి, ముందు భాగాన గోధుమ రంగు గుడ్డ బిగించినవి. ఇంటిల్లిపాదీ చేరారు, ఆడవాళ్ళు పర్దా వెనకనుంచే అనుకోండి.

వెంకటేశ్వర్‌రావు ఒక డబ్బా మీద వేలితో కొట్టి చూశాడు. "ఒక్క పాటకు రెండు డబ్బాలెందుకురా?"

"ఇప్పుడు గిట్లనే వస్తున్నయట బాపూ. స్టీరియో అంటరట" అన్నాడు లక్ష్మీకాంతరావు. "దుకాణపాయన ఒకటికి నాలుగుమార్లు చెప్పిండు. రెండు డబ్బాలు దూరం దూరం పెట్టాలెనట. పక్కపక్కకు పెడితే మజా రాదట."

"దూరం దూరమా?"

"దూరం దూరమే."

మామగారు గడ్డం సవరించుకున్నాడు. గదినంతా ఒకసారి చూశాడు, పర్దాను చూశాడు. ఉన్నట్టుండి తొడ మీద చరిచాడు. "సమజైంది! ఒక డబ్బ మొగోళ్ళకు, ఒక డబ్బ ఆడోళ్ళకు! చూసినవా, కంపినోడు ఎంత ఇల్లెరిగినోడో!"

"బాపూ, ఆయన గట్ల చెప్పలే..."

"నోటితోని చెప్తడార? నలుగురు తిరిగే దుకాణంల నిలవడి మందిండ్ల ఆడోళ్ళ ముచ్చట తీస్తడా? దూరం అన్నడు. ఇజ్జత్‌తోని ఒక్క మాటన్నడు. మిగిలింది మనం అర్థం చేసుకోవాలె."

ఇంకేం మాట్లాడతాడు పాపం! లక్ష్మీకాంతరావు బజారుకు వెళ్ళి పొడవాటి వైరు తెచ్చాడు. ఒక డబ్బా దివాన్‌ఖానాలో, మామగారి కుర్చీకి ఎదురుగా గోడ దగ్గర పెట్టారు. రెండో డబ్బా దర్వాజ దాటి, లోపలి అర్రలో చివరి గోడ దాకా పోయింది. యాదవ్వ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసింది. సరళాదేవి సంతోషానికి పట్టపగ్గాలు లేవు. చాప పరిపించి డబ్బా ముందర దర్జాగా కూర్చుంది. "ఇగ తలుపు సందు బతుకు తప్పింది పోయే! ఎవల డబ్బ వాళ్ళకున్నది" అంది.

ప్లేటు కూడా మిషనుతోనే వచ్చింది. ఉర్దూలో సవాల్ జవాబ్ పాట, ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు. అతను ఒక మాట అడుగుతాడు, ఆమె ఒక మాట చెబుతుంది. లక్ష్మీకాంతరావు ముల్లు ఆనించాడు. తబలా మోగింది, సారంగి సాగింది. లోపలి అర్రలో పసుపూ బొట్టూ పెట్టుకున్న డబ్బాలోంచి గంభీరంగా ఒక మగవాడి గొంతు లేచింది.

సరళాదేవి గబుక్కున కొంగు తల మీదికి లాక్కుంది.

"అవ్వో దొరసానీ, డబ్బల మొగాయన ఉన్నడు!" అని యాదవ్వ లేచి గోడకు కరుచుకుంది.

దివాన్‌ఖానాలోనేమో తీయటి ఆడ గొంతు. మామగారికి అది బాగానే ఉంది గానీ, లోపలి కేకలు విని పాట ఆపించాడు. సంగతి తెలిసి కొడుకును కసిరాడు. "ఉల్ట పెట్టినవురా! మొగ గొంతు ఈడికి రావాలె, ఆడ గొంతు ఆడికి పోవాలె. గంత తెల్వదా?" లక్ష్మీకాంతరావు వైర్లు తారుమారు చేశాడు. ఇప్పుడు అంతా బరాబర్ అయింది. ముల్లు మళ్ళీ ఆనింది.

అయింది బరాబర్! దివాన్‌ఖానాలో మగవాడు అడిగాడు, నిన్న నీ కిటికీలో దీపం ఎందుకు వెలగలేదని. జవాబు లేదు. తబలా మోగుతోంది, అంతే. ఆ తర్వాత మళ్ళీ అడిగాడు, పోనీ చంద్రుణ్ణి చూడడానికైనా కిటికీ దగ్గరికి ఎందుకు రాలేదని. దానికీ జవాబు లేదు. లోపలి అర్రలో ఆమె ఎవరూ అడగకుండానే చెప్పుకుపోతోంది, చంద్రుడుండగా దీపం దండగ కదా అని.

"ఏందిరా ఇది?" అన్నాడు మామగారు. "పోలీసోడు పంచనామ చేసినట్టు అడిగిందే అడుగుతుండు. జవాబు చెప్పేటోళ్ళే లేరు."

పర్దా వెనకనుంచి సరళాదేవి అందుకుంది. "మీకు వినవడ్తలేదా ఏంది? ఈడ మంచిగ చెప్తున్నది. కాకుంటె ఎవలితోని చెప్తుందో తెల్వదు, పిచ్చిదాని లెక్క తనంత తనే మాట్లాడుకుంటున్నది."

"నా చెవులకేం రోగం? మగాయనొక్కడే పాడుతుండు."

"మగాయన ఎక్కడున్నడు? ఆడామె ఒక్కతే!"

నీ చెవులు పోయాయంటే నీ చెవులు పోయాయని, పర్దాకు ఇటు ఆయన, అటు ఆవిడ! వీళ్ళ జుగల్బందీ ముందు ఆ ప్లేటు ఏ మూలకు? సరిగ్గా ఆ సమయంలోనే ప్రమోదిని చాయ పళ్ళెం పట్టుకుని నడిమి దర్వాజ దగ్గరికి వచ్చింది. పర్దా దగ్గర ఆగి, మొగుణ్ణి పిలిచి పళ్ళెం అందించాలి. గడప మీద నిలబడకూడదని ఆమెకు తెలుసు, తెలియనిదెవరికి? పాట కోసం కాలు దానంతట అదే ఆగిపోయింది, ఒళ్ళు దర్వాజ చెక్కకు ఆనుకుని పక్కకు తిరిగింది.

కుడి చెవిలో అతను అడిగాడు. ఎడమ చెవిలో ఆమె చెప్పింది. తబలా అటూ కాదు, ఇటూ కాదు, సరిగ్గా నుదుటి మీద బొట్టు దగ్గర మోగింది. ప్రమోదినికి ఒళ్ళు ఝల్లుమంది. ఇద్దరు మనుషులు తనకు చెరోవైపు నిలబడి, తన మీదుగా మాట్లాడుకుంటున్నట్టుంది. చంద్రుణ్ణి చూడడానికి ఎందుకు రాలేదని అతను అడిగితే, కింద నువ్వు నిలబడి పైకే చూస్తున్నావు కదా, సిగ్గేసిందని ఆమె చెప్పింది. ప్రమోదిని పకపకా నవ్వింది. చాయ చల్లారిపోయిందని కూడా తెలియలేదు. భైంసాలో గొట్టం ముందు కూర్చున్నప్పుడు కూడా పాట ఇంత నిండుగా వినలేదు ఆమె. ఎన్ని ఏళ్ళుగా తాను పాట వీపు చూస్తూ బతికిందో ఆ నిమిషాన అర్థమైంది.

అర్థమైన మరుక్షణమే మామగారి తీర్పు వినబడింది.

"మిషను ఖరాబైంది. దుకాణపోడు మోసం చేసిండు. రేపు పొద్దుగాల బస్సుకు వాపసు తీసుకపో. ఒక్క డబ్బది తే, గీ దివాన్‌ఖానల పెడ్తం. పాట ముక్కలు కాకుంట ఉంటది."

ప్రమోదిని చాయ పళ్ళెం అక్కడే దించేసింది. ఒక్క డబ్బా మిషను వస్తే అది మళ్ళీ దివాన్‌ఖానాలోనే, మళ్ళీ పర్దా, మళ్ళీ వడ్లు. ఇప్పుడు విన్నాక అలా వినడం ఎలా? ఉరుకుతూ అత్తగారి దగ్గరికి పోయింది.

"అత్తమ్మా, మిషను మంచిగనే ఉన్నది! రెండు డబ్బాలు కలిస్తేనే పాట. నేను నడిమి దర్వాజల నిలవడి విన్న, అడిగేది జవాబు చెప్పేది బరాబర్ వినవడ్డది. మామయ్యకు జర చెప్పున్రి."

"కడప మీద నిలవడ్డవా?" అంది సరళాదేవి. మిగతాదంతా ఆవిడ చెవికి ఎక్కలేదు. "సందెపూట కడప మీద నిలవడ్తరా ఎవలన్న? పోయి కాళ్ళు కడుక్కో పో."

మొగుడి దగ్గరికి పోయింది. అతనప్పటికే గడ్డి పరుస్తున్నాడు. అంతా విని "నువ్వు చెప్పేది నిజమే కావచ్చు, దుకాణంల నేను విన్నప్పుడు సుత ముక్కలు లేకుండె" అన్నాడు. "కాని బాపు ఒక్కసారి అన్నంక..." అని గొంతు సవరించుకున్నాడు. ఇహ ఆ గొంతులోంచి ఏమీ రాదని ఆమెకు తెలుసు.

ఆ పూట మిషనును కాపాడిన పుణ్యం గిర్దావర్ రామచంద్రానిది. రెవెన్యూలో పనిచేసి దిగిపోయిన పెద్దమనిషి, మామగారి స్నేహితుడు. ఊళ్ళోకి కొత్త వస్తువు దిగితే వాసన పట్టుకుని వస్తాడు. ఆయన వచ్చి కూర్చోగానే మామగారు మోసం కథంతా చెప్పి, "నువ్వే విను, విని చెప్పు. లక్ష్మీకాంతం, ఆఖరిసారి పెట్టు" అన్నాడు.

ఆఖరిసారి! ప్రమోదిని లోపలి అర్రలో నిలబడి ఉంది. తబలా మొదలైంది. దివాన్‌ఖానాలో అతను దీపం మాట అడిగాడు. లోపల ఆమె చెప్పింది. అంతే, ప్రమోదిని వంగి బంతిపూల దండతో సహా ఆ డబ్బాను రెండు చేతులా ఎత్తుకుంది. పిల్లవాణ్ణి ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఆనించుకుంది. బాగా బరువు, అయినా ఎత్తుకుంది.

"ఏందే ప్రమోదినీ, యాడికి?" అని సరళాదేవి కేకేసింది.

ప్రమోదిని ఆగలేదు. డబ్బాలో ఆమె పాడుతుంటే ఆ పలుకు తన ఎముకల్లో అదురుతోంది. వైరు కాళ్ళ వెంట ఈడ్చుకొస్తోంది. భుజంతో పర్దా తోసింది. కొంగు జారింది, సర్దుకోవడానికి చెయ్యి ఖాళీ ఉంటే కదా! గడప దాటి దివాన్‌ఖానాలోకి నడిచింది. ఆమెతో పాటే ఆ ఆడ గొంతూ నడిచి వచ్చింది.

మామగారు కోపంతో నోరు తెరిచాడు. గిర్దావర్ ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. లక్ష్మీకాంతరావు గడ్డి పరక ఒకటి చేతిలో పట్టుకుని అలాగే బిగుసుకుపోయాడు. ప్రమోదిని ఎవరినీ చూడలేదు. మొదటి డబ్బా ఉన్న గోడకే, రెండో చివర మూలకు నడిచి, ముందుకు తిప్పి, తన డబ్బాను దించింది.

అదే క్షణాన ఈ చివరనుంచి అతను అడిగాడు, చంద్రుణ్ణి చూడడానికి ఎందుకు రాలేదని. మామగారి నోరు తెరిచినట్టే ఉంది, తిట్టు బయటికి రాలేదు. ఆ చివరనుంచి ఆమె చెప్పింది, కింద నువ్వు నిలబడి పైకే చూస్తున్నావు కదా, సిగ్గేసిందని.

"ఓరి నీ!" అన్నాడు వెంకటేశ్వర్‌రావు. "గందుకా రాలే!"

ఆయన నవ్వాడు. పొట్ట కదిలేలా, కళ్ళవెంట నీళ్ళు వచ్చేలా నవ్వాడు. గిర్దావర్ గోడ వైపునుంచి మెల్లగా తల తిప్పి, "వాహ్! నడుమల తబల కొడ్తున్నడు సూడు, ఆడ డబ్బనే లేదు గద!" అని ఖాళీ గోడకేసి వేలు చూపించాడు. ఇద్దరు ముసలివాళ్ళూ ఆ ఖాళీ గోడలో తబలా వాయించేవాణ్ణి వెతుకుతూ ఉండిపోయారు.

లోపలినుంచి సరళాదేవి గోల. "మా డబ్బ ఏది? మా పాట ఏది?"

"నీ పాట ఈడున్నది. నువ్వు సుత ఈడికే రా!" అన్నాడు మామగారు.

"గిర్దావర్ ఉన్నడు గద?"

"ఉంటడు. ఆయనకు చెవులు లేవా?"

గిర్దావర్ మర్యాదకు లేచి నిలబడ్డాడు. "నేను పోయొస్త, దొరా. ఆడోళ్ళు వింటరు."

"కూసో రామచంద్రం! సగం పాట విని పోతే నీకు నిద్రవడ్తదా? నేను పొద్దటిసంది పరేషానయితున్న, ఆమె కిటికీ కాడికి ఎందుకు రాలేదని." ఆ తర్వాత కొడుకు వైపు తిరిగాడు. "ఇంక ఆ గడ్డి పట్టుకోని నిలవడ్డవేందిరా? తీసుకపోయి దొడ్లె బర్రెకు వెయ్. మిషను యాడికి పోదు."

సరళాదేవి పర్దా పక్కకు జరిపి, కొంగు నిండా కప్పుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. ఆమె వెనకాల యాదవ్వ. లక్ష్మీకాంతరావు ముల్లు మళ్ళీ మొదటికి పెట్టబోతుంటే మామగారు చెయ్యి ఎత్తి ఆపాడు. పడక కుర్చీలోంచి లేచి అటూ ఇటూ చూశాడు.

"యాడ కూసుంటె నిండుగ వినవడ్తది, బిడ్డా?"

ప్రమోదిని అలవాటుగా అత్తగారి వైపు చూసింది.

"నన్నేం చూస్తవ్? నిన్నే అడుగుతుండు, చెప్పు" అంది సరళాదేవి.

"నడుమల, మామయ్యా" అంది ప్రమోదిని. "రెండు డబ్బాలకు ఎదురుంగ, సరిగ నడుమల. ఆడ కూసుంటె ఇద్దరు మీతోనే మాట్లాడినట్టుంటది."

మామగారు పడక కుర్చీని వదిలేశాడు. గిర్దావర్‌ను ఒక చివర పట్టమని, తాను ఒక చివర పట్టి, గోడ వారనున్న పొడవాటి బల్లను ఈడ్చుకొచ్చి సరిగ్గా నడుమ వేశాడు. పైగుడ్డతో దుమ్ము తుడిచాడు. సరళాదేవిని ఒక పక్క కూర్చోబెట్టి, తాను ఇంకో పక్క కూర్చుని, మధ్యలో ఖాళీ వదిలాడు.

"నువ్వు ఈడ కూసో. డబ్బల ఆమెను మోసుకొచ్చింది నువ్వే గద."

ప్రమోదిని కూర్చుంది. ప్లేటు తిరిగింది. ఈ చివరనుంచి అతను దీపం సంగతి అడగడం మొదలుపెట్టాడో లేదో, జవాబు ముందే తెలిసిన ప్రమోదిని నడుమ కూర్చుని పకపకా నవ్వేసింది. మామగారు నోటి మీద వేలేసుకుని "ఉష్, చెప్పనియ్యి ఆమెను" అన్నాడు.